ఇంటూ గుర్తు మహాత్మ్యం

తెలుగు వార్తల సైట్లలో ప్రకటన మూయడానికని పెట్టే ఇంటూ గుర్తు ఉంది చూశారూ, దాన్ని చెక్కిన శిల్పికి ఇంతవరకు ఏ అకాడమీ శాలువా కప్పకపోవడం జాతికి తీరని లోటు. ఆవగింజ దాని పక్కన గుమ్మడికాయ. తెల్ల ప్రకటన మీద తెల్లగా, బూడిదరంగు మీద బూడిదగా, ఉండీ లేనట్టు ఓ మూల నక్కి ఉంటుంది. నొక్కితే పోవాల్సింది పోదు, రాకూడనిది వస్తుంది. కొన్నిచోట్ల అది గుర్తే కాదు, ప్రకటన బొమ్మలో గీసిన దొంగ గుర్తు. దాన్ని నొక్కారంటే మోకాళ్ల నూనె మీద మీకు మనసైందని అవతల ఎక్కడో లెక్క రాసుకుంటారు.

ఇదంతా చేతగాక చేస్తున్నారని అనుకునేరు. వాళ్లను అంత మాట అనకండి. మనిషి వేలికి తెర మీద ఎంత చోటు కావాలో లోకానికి ఎప్పుడో తెలుసు. తెర కొలతల్లో కనీసం 44 పాయింట్లు ఉంచండని ఆపిల్, 48 డీపీలు ఉంచండని గూగుల్ తమ డిజైనర్లకు రాసిపెట్టాయి. వెబ్ ప్రమాణాలు రాసే పెద్దలు 2023 అక్టోబరులో ఇంకా దిగొచ్చి, అయ్యా, 24 పిక్సెళ్లన్నా ఇవ్వండి అన్నారు. మన శిల్పులకు ఇవన్నీ తెలుసు. ‘ఇప్పుడే కొనండి’ అనే బటన్ ఏ రోజైనా మీ వేలికి అందకుండా పోయిందా? అక్కడ ప్రమాణాలు తు.చ. తప్పకుండా పాటిస్తారు.

ఈ కళను పూర్తిగా ఆస్వాదించాలంటే పెన్న పొంగే రోజుల్లో నెల్లూరు రావాలి.

మా పెదనాయనకు ఇందుకూరుపేట పక్క రొయ్యల గుంటలున్నాయి. పైన సోమశిలలో గేట్లెత్తితే, ఆ నీళ్లు మా వైపు దిగేలోగా గుంటలకు గాలి పట్టించే ఏరియేటర్లు విప్పుకోవాలా, మేత బస్తాలు మోయించాలా, రొయ్య చిన్నదైనా సరే వచ్చిన ధరకు పట్టించేయాలా అని తేల్చుకోవాలి. అందుకు ఆయనకు కావాల్సింది ఒకే ఒక్క అంకె. ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారు? అంతే.

ఫోన్లో వార్త కనిపించింది. ‘సోమశిల నుంచి భారీగా నీటి విడుదల.. ఎంతో తెలిస్తే షాక్!’ షాక్ అవడానికే కదా ఆయన కాచుకోనుండేది, నొక్కాడు. ముందుగా ఓ పెట్టె వచ్చి, మా నోటిఫికేషన్లు కావాలా అని అడిగింది. ‘వద్దు’ లేదు, ‘తర్వాత’ ఉంది. దాన్ని దాటితే, మీరెక్కడున్నారో చెప్పండి అంది. “గట్టు మీదుండా, యాడుంటాను,” అని ఫోనుకే జవాబు చెప్పాడు పెదనాయన. అదీ దాటాక కింది మూల ఓ వీడియో దానంతటదే మొదలై, ఏదో సినిమా వేడుకలో హీరోయిన్ చీర గురించి గట్టిగా చెప్పసాగింది. వానలో, గట్టు మీద, పదిమంది కూలీల మధ్య, ఫుల్ సౌండులో.

“అబ్బయా, ఈ పాపను ఆపేదెట్టరా?”

ఇంటూ గుర్తు చూపించాను. జీవితమంతా వలతాడు లాగిన బొటనవేలు అది. గుర్తు మీద పెట్టగానే గుర్తుతో పాటు సగం తెర మాయమైంది. సరిగ్గా ఆ క్షణానికే పైన కొత్త ప్రకటన దిగి, పేజీ మొత్తం రెండంగుళాలు కిందికి జారింది. వేలు పడాల్సిన చోట పడలేదు. శంషాబాద్ దగ్గర గేటెడ్ విల్లాలు తెరుచుకున్నాయి. గుంట మునిగితే ఎక్కడికి పోవాలో ముందే ఆలోచించి పెట్టారన్నమాట. వెనక్కొస్తే పేజీ మళ్లీ మొదటినుంచి. మళ్లీ నోటిఫికేషన్లు. మళ్లీ హీరోయిన్ చీర.

ఎట్టకేలకు వార్త మొదటి వాక్యం దొరికింది. ‘సోమశిల నెల్లూరు జిల్లాలో పెన్నా నదిపై ఉన్న ఒక జలాశయం.’ ఆ నీళ్లతోనే పుట్టి పెరిగిన మనిషికి చెబుతున్నారు ఈ సంగతి! రెండో పేరాలో దాని నిల్వ సామర్థ్యం 78 టీఎంసీలని చెప్పి, ‘అసలేం జరిగిందంటే..’ అని ఊరించి ఆపేశారు. కింద ‘ఇవి కూడా చదవండి’. ఈ రాశివారికి పట్టిందల్లా బంగారం. దాని కింద ‘మరింత చదవండి’. నొక్కితే ఆఖరి పేరా వచ్చింది: ‘అధికారులు భారీగా నీటిని దిగువకు వదులుతున్నారు. పూర్తి వివరాలు తెలియాల్సి ఉంది.’

అంకె లేదు. నిజంగానే షాక్.

పెదనాయన ఫోను తుడుచుకుని, డ్యాము దగ్గరుండే తెలిసిన లస్కరుకు చేశాడు. ఆయన ఎన్ని గేట్లు, ఎంత ఎత్తు, ఎన్ని క్యూసెక్కులు, ఎన్నింటినుంచి అన్నీ ఒక్క గుక్కలో చెప్పి పెట్టేశాడు. పాపం, డిజైన్ చదువుకోలేదు.

పేజీ ఎందుకు జారుతుందో కూడా చెప్పుకుందాం. మీరు వార్త తెరిచిన క్షణంలో మీ కళ్లను ఏ కంపెనీకి అమ్మాలా అని వెనకాల వేలంపాట జరుగుతుంది. ఆ పాట తెగేసరికి వార్త వచ్చేస్తుంది, ప్రకటన ఆలస్యంగా వచ్చి మధ్యలో జొరబడుతుంది. ప్రకటనకు ఇంత ఎత్తు చోటు అని కోడ్‌లో ముందే ఒక లైను రాసి ఖాళీ ఉంచితే ఏమీ కదలదు. ఈ కదలికను గూగుల్ కొలుస్తుంది కూడా. ఆ కొలతలో 0.1 దాటితే బాగా లేదంటుంది. రాయడం రాక ఆ ఒక్క లైను మానేశారంటే నమ్మమంటారా? జారిన పేజీ మీద పడిన నొక్కుడుకూ డబ్బులొస్తాయి మరి.

మూసేకొద్దీ ఎదురొచ్చే ఈ పాప్-అప్‌కు 1990లలో కోడ్ రాసిన ఈథన్ జుకర్‌మన్ అనే అమెరికాయన 2014లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఓ కారు కంపెనీ ప్రకటన బూతు పేజీ మీద పడిందని గొడవైతే, ప్రకటనను విడి కిటికీలో పెట్టి తప్పించుకుందామనుకున్నాడట. ఆయన సిగ్గుపడి సారీ చెప్పాడు. మనవాళ్లకు అలాంటి బలహీనతలు లేవు.

చట్టం మాటా? మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి 13 రకాల మాయలకు పేరుపేరునా నిషేధం పెట్టింది. పదే పదే విసిగించడం అందులో ఉంది. ప్రకటనకు వార్త వేషం వెయ్యడం ఉంది. ‘వద్దు, నా కుటుంబ ఆరోగ్యం నాకు అక్కర్లేదు’ అని నొక్కించి సిగ్గుపడేట్టు చెయ్యడమూ ఉంది. మన సైట్లు ఆ జాబితాను చూసి, ఏదైనా మర్చిపోయామా అని సరిచూసుకున్నట్టున్నాయి.

వీటన్నిటినీ ఈదుకుని వెళ్లిన పాఠకుడికి అక్కడ దొరికే తెలుగు ఇంకో ముచ్చట. గిడుగు, రామభద్ర, మల్లన్న అని చక్కటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. కానీ లైను ఎత్తు ఇంగ్లీషు కొలతలో ఉంటుంది. కింద వత్తుండే అక్షరాలు ఆ లైన్లో ఇమడవు. ‘రాష్ట్రం’ కింది వత్తు పోయి తర్వాతి లైన్లో ‘కీ’ గుడిదీర్ఘాన్ని పొడుస్తుంది. శీర్షికలోనైతే వత్తును సగానికి కోసేస్తారు. తెలుగువాళ్లే తెలుగువాళ్ల కోసం తయారుచేసిన సైటులో!

మా ఊళ్లో మొహర్రానికి బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె. కోరిక తీరినవాళ్లు మరుసటేడు వచ్చి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. ఇకమీదట ‘ఇంటూ రొట్టె’ అని ఒక వరస పెట్టించాలని నా మనవి. పుచ్చుకునేవాళ్లకు కొదవుండదు. మొదటి నొక్కుడుకే ప్రకటన పోయిందని వచ్చి రొట్టె ఇచ్చేవాడు ఒక్కడు దొరుకుతాడా అన్నదే నా అనుమానం.

నవ్వింది చాలు. 2021 నవంబరులో పెన్న ఎంత పనిచేసిందో మాకు తెలుసు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, హైవే తెగింది. అలాంటి రాత్రి ఏటి పక్క ఊళ్లో పిల్లల్ని పక్కలో వేసుకుని, అరకొర సిగ్నల్‌తో, చార్జింగ్ అయిపోతున్న ఫోన్లో ఓ తల్లి వెతికేది నీళ్లు ఎంతవరకు వస్తాయని. ఆమెకు మీరు హీరోయిన్ చీర చూపిస్తారు. ఆమె భయంతో నొక్కిన ప్రతి నొక్కుడూ మీ ఆఫీసులో ‘ఎంగేజ్‌మెంట్ పెరిగింది’ అని గీతై పైకి లేస్తుంది. వరద మీకు సీజను. సిగ్గుండాలి. ఆఖరికి కంట్రోల్ రూం నంబరు కూడా అక్షరాల్లో ఇవ్వరు, బొమ్మలో అతికిస్తారు. నొక్కితే ఫోను పోదు, కాపీ కాదు, కాగితం మీద రాసుకోవాలి. నొక్కకూడనివన్నీ నొక్కించుకునే మీ పేజీలో, ప్రాణం నిలిపే ఆ ఒక్కటీ నొక్కుడు పడదు.

ఎన్ని క్యూసెక్కులు, ఎన్ని గేట్లు, ఎన్నింటికి వదిలారు, ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఈ నాలుగూ శీర్షిక కిందే, కదలకుండా, పెద్ద అక్షరాల్లో పెట్టండి. ఆ కింద ఏం అమ్ముకుంటారో అమ్ముకోండి, విల్లాలైనా సరే.