నడకను మళ్లీ నిషేధించండి

ప్రజారోగ్యం మీద ఏమాత్రం శ్రద్ధ ఉన్న ప్రభుత్వమైనా వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. నడకను నిషేధించాలి. పూర్తిగా అక్కర్లేదు. రోజుకు ఇన్ని గంటలే అని కట్టడి చేసి, మిగతా వేళల్లో గడప దాటితే లాఠీ చూపిస్తే చాలు. బెజవాడ బెజవాడంతా ఆరు నెలల్లో నాజూగ్గా తయారవుతుంది.

ఇది నేను గాల్లోంచి పట్టుకొచ్చిన మాట కాదు. 2021 జూన్ 14 సోమవారం నుంచి 20 ఆదివారం దాకా వారం రోజులు స్వయంగా కొండలెక్కి పరిగెత్తి, ఇంటిల్లిపాదినీ నడిపించి, కాళ్లు బొబ్బలెక్కించుకుని తేల్చిన సంగతి. ఏ పనైనా వారం పాటు చేసినవాడికి దాని మీద జీవితాంతం మాట్లాడే హక్కు వస్తుందని మన వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పుడో ఖాయమైపోయింది కాబట్టి, నా అర్హతల గురించి వేరే చెప్పుకోనవసరం లేదు.

నడవొద్దని ఎవరూ అననంత కాలం మా ఇంట్లో ఎవరూ నడవలేదు. మొగల్రాజపురంలో మా సందు చివర కూరగాయల కొట్టుంది. మా గేటు దగ్గర నిలబడితే కొట్టువాడు మొహం కడుక్కున్నాడో లేదో కూడా కనిపిస్తుంది. అక్కడికి కరివేపాకు కోసం బండి తీసేవాణ్ని. బండి స్టార్ట్ కాకపోతే ఆ పూట పోపులో కరివేపాకు పడేది కాదు. అలాంటి నాకు, 2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ అనగానే కాళ్లు దురద పెట్టడం మొదలైంది. పదకొండేళ్లుగా ఉంటున్న అపార్ట్‌మెంట్‌లో నేను మేడ మీదకు ఎక్కింది రెండేసార్లు, రెండుసార్లూ డిష్ సరిచేయడానికే. అలాంటిది ఏప్రిల్ నెలంతా పొద్దునా సాయంత్రమూ వాటర్ ట్యాంకు చుట్టూ ప్రదక్షిణాలు చేశాను. ఒక్కణ్నే కాదు. పద్నాలుగు ఫ్లాట్ల మగవాళ్లమూ ఆరడుగుల దూరం పాటిస్తూ, గానుగెద్దుల్లా ఒకే వైపు తిరిగాం. దేవుడి చుట్టూ కూడా అంత శ్రద్ధగా తిరిగింది లేదు.

ఆ మే నెలలోనే కనకదుర్గ వారధి మీదుగా, పదహారో నంబరు జాతీయ రహదారి వెంట జనం నడిచిపోయారు. చెన్నై వైపు నుంచి ఒడిశాకు, బెంగాల్‌కు, బీహార్‌కు. వాళ్లూ కుటుంబ సమేతంగానే నడిచారు. నెత్తిన సంచి, చంకలో పిల్ల. ఇక్కడ కొందరు పాఠకులకు సందేహం రావచ్చు. ఎవరూ ప్రోత్సహించకుండానే వాళ్లు అంత దూరం నడిచారు కదా, నీ సిద్ధాంతం ఏమవుతుందని. ఏమీ కాదు. నడక అంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి. బయల్దేరిన చోటికే తిరిగొచ్చేది నడక. ఎక్కడికో చేరదామని నడిస్తే అది ప్రయాణం. పైగా నడకకు ముందు ఒళ్లు విరుచుకోవాలి, తర్వాత నానబెట్టిన బాదం పప్పు తినాలి. వాళ్లు ఈ రెండూ పాటించినట్టు కనిపించలేదు. కాబట్టి వాళ్లను లెక్కలోంచి తీసేశాను.

ఇక 2021. ఏప్రిల్, మే నెలలు ఎలా గడిచాయో అందరికీ తెలుసు. ఫోన్ మోగితే ఎత్తడానికి భయమేసేది. మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. జూన్ 11 నుంచి ఆ గడువును మధ్యాహ్నం 2 దాకా జరిపారు. మృగశిర కార్తె వచ్చింది, ఎండ ఒక మెట్టు దిగింది, కేసులూ దిగాయి. ఆ రోజుల్లోనే ఫోన్‌లో నాకు ట్రైల్ రన్నింగ్ అనే మహా విద్య తారసపడింది. తారు రోడ్డు మీద కాకుండా కొండల్లో, అడవుల్లో, రాళ్లూ ముళ్లూ ఉన్న బాటల మీద పరిగెత్తడం దాని పేరు. పాశ్చాత్యులు ఇందుకోసం కొండలు వెతుక్కుంటూ విమానాలెక్కి పోతారట. మనకేం ఖర్మ? ఇంద్రకీలాద్రి, గాంధీ కొండ, గుణదల, మా మొగల్రాజపురం, ఎటు తిరిగినా కొండే. ఉన్న కొండలన్నీ ఇలా వృథాగా పడి ఉన్నాయనిపించింది.

బూట్లు తెప్పించాను. అడుగున పనసకాయ తొక్కలాంటి గుబ్బలు. ఖరీదు మా ఆవిడకు సగం చెప్పాను, మీకూ అంతే చెబుతాను: మూడు వేలు. చేతికి ఓ వాచీ. అది టైము తప్ప అన్నీ చెబుతుంది.

సోమవారం పొద్దున ఆరింటికల్లా మా వెనక కొండ మెట్ల దగ్గర నిలబడ్డాను. మా ఊరి కొండలు ఖాళీగా ఉండవు. కింద నుంచి పై దాకా ఇళ్లే, ఒకరి గడప కింద ఇంకొకరి రేకుల కప్పు, మధ్యలో ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు తిరగాల్సినంత మెట్ల దారి. అది ఎంత చక్కటి ట్రైలో చెప్పలేను. ఎక్కడా రెండు మెట్లు ఒకే ఎత్తున లేవు. ముక్కూ నోరూ రెండు మాస్కులతో బిగించి పరుగు మొదలుపెట్టాను. నలభయ్యో మెట్టు దగ్గర మాస్కు గుడ్డ నోట్లోకి వచ్చింది. అరవయ్యో మెట్టు దగ్గర నేను ఓ గోడ పట్టుకున్నాను. బిందె ఎత్తుకున్న ఓ పెద్దావిడ నన్ను దాటుకుంటూ పోయి, రెండు మెట్లు ఎక్కాక ఆగి, వెనక్కి చూసి అడిగింది.

"ఏం బాబూ, ఎవరైనా తరుముకొస్తున్నారా?"

ఎవరూ లేరన్నాను. ఆవిడ నమ్మలేదు. నా వెనక మెట్ల వైపు కాసేపు తేరిపార చూసి, మొహం చిట్లించి పైకి పోయింది.

ఇంటికి రాగానే మా ఆవిడ గుమ్మంలోనే ఆపి, చేతులకు శానిటైజరు పోసి, వేలికి ఆక్సీమీటర్ తగిలించింది. ఆక్సిజన్ 97. బాగానే ఉంది. నాడి 151. ఆవిడ 104కు ఫోన్ చేయబోతుంటే నేను కాళ్లావేళ్లా పడి ఆపాను. అప్పటికి కాళ్ల మీద పడటం ఒక్కటే నేను సులువుగా చేయగలిగిన వ్యాయామం. మిరియాల కషాయం తాగించి, ఆవిరి పట్టించి, ముందు గదిలో విడిగా పడుకోబెట్టారు. మంగళవారం గురించి చెప్పడానికేం లేదు. మంచం మీంచి పక్కకు దొర్లి దిగాను.

బుధవారం కుటుంబ నడక. వేదిక ప్రకాశం బ్యారేజీ. నడవడానికి కారులో వెళ్లాం. అమ్మ, మా ఆవిడ, ఇంటర్ పరీక్షలు ఉన్నాయో లేవో తెలియక ఇటు చదవలేక అటు మానలేక ఉన్న మా అమ్మాయి, కెమెరా ఆపేసిన ఆన్‌లైన్ క్లాసుల్లో ఎనిమిదో తరగతి చదువుతున్న మావాడు, నేను. సరిగ్గా ఐదుగురం. సడలింపు వేళల్లో 144 సెక్షన్ అమల్లో ఉంది, ఐదుగురికి మించి గుమిగూడకూడదు. అంటే మా కుటుంబం చట్టం అంచు మీద నడుస్తోంది. సరిగ్గా అప్పుడే మా బామ్మర్ది బండేసుకుని వచ్చాడు.

ఆరో మనిషి కలవడంతో మేం చట్టవిరుద్ధ సమూహమయ్యాం. "నువ్వెవరో పరాయివాడిలా వెనకాల దూరంగా నడువు" అని చెప్పాను. బాగానే నడిచాడు గానీ, ప్రతి పది అడుగులకూ "బావగారూ, ఇక్కడ ఫొటో తీయనా?" అని అరుస్తున్నాడు. పికెట్ దగ్గర కానిస్టేబుల్ వాణ్ని చూపించి, ఇతను మీ తాలూకేనా అని అడిగాడు. నేను కాదనే లోపు అమ్మ మాస్కు కిందికి లాగి, "మా కోడలి తమ్ముడే నాయనా. బీటెక్ చదివాడు, ఇంకా పెళ్లి కాలేదు. మీ ఎరికలో ఏదైనా సంబంధం ఉంటే చెప్పు" అంది. ఆ అబ్బాయి మర్యాదస్తుడు. ఎంత జీతమని మాత్రం అడిగి వదిలేశాడు.

బ్యారేజీ 1957లో పూర్తయింది. అమ్మ దానికంటే పదేళ్లు పెద్దది. రెండింటిదీ ఒకటే స్వభావం, గేట్లు ఎత్తారంటే కింద ఉన్నవాళ్లు సర్దుకోవాల్సిందే. డెబ్బై గేట్లు దాటడానికి మాకు గంటన్నర పట్టింది. ఒక్కో గేటు దగ్గరా అమ్మకు ఒక్కో చుట్టం గుర్తుకొచ్చాడు. వాళ్లలో ఇద్దరు ఆ మే నెలలోనే పోయారు. ఆ గేట్ల దగ్గర మేం కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాం. కృష్ణలో నీళ్లు కదలకుండా ఉన్నాయి. తిరిగొస్తూ బండి మీద ఇడ్లీ పార్సిల్ కట్టించాం, కారప్పొడి, నెయ్యి విడిగా. వాచీ ప్రకారం ఖర్చయిన శక్తి రెండు ఇడ్లీలది. తిన్నవి ఎన్నో వాచీ అడగలేదు.

గురువారం అసలైన అడవి చూద్దామని గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా కొండపల్లి వెళ్లాను. బొమ్మలు చేసే తెల్ల పొణికి చెట్టు పెరిగే కొండలవి. ఆ కర్ర ఎంత తేలికంటే, ఏనుగంబారీ బొమ్మను కూడా పసిపిల్లవాడు ఒంటి చేత్తో ఎత్తేస్తాడు. నా ఒళ్లు ఆ కర్రతో చేసింది కాదని మొదటి ఎత్తులోనే తెలిసింది. ఎర్రమట్టి, దొర్లే రాళ్లు, అటూ ఇటూ ముళ్ల కంపలు. దూరంగా థర్మల్ కేంద్రం గొట్టాలు నాలాగే పొగలు కక్కుతున్నాయి. ఒక మలుపులో మేకల గుంపు అడ్డొచ్చింది. వాటిని తోలుకొస్తున్న ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, ఎంతో సానుభూతిగా అడిగాడు.

"మేక తప్పిపోయిందా బాబూ? ఏ రంగుది?"

ట్రైల్ రన్నింగ్ అంటే ఏమిటో ఆయనకు వివరించే ప్రయత్నం చేశాను. మొత్తం విని, "అయితే మేక లేదా?" అన్నాడు. లేదన్నాను. "మరి ఎందుకు?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆలోచిస్తూనే కారు దాకా నడిచి వచ్చేశాను. ఆయన కాళ్లకు పాత టైరు ముక్కతో కుట్టిన చెప్పులున్నాయి, వాటి అడుగున గుబ్బలు కూడా అరిగిపోయాయి. రోజూ ఎంత నడుస్తావని అడిగితే పొద్దుపోయేదాకా అన్నాడు. కిలోమీటర్లలో చెప్పలేకపోయాడు కాబట్టి ఆయన్నూ లెక్కలోంచి తీసేయక తప్పలేదు.

శుక్రవారం ఒక అపశ్రుతి జరిగింది. ఒళ్లు నొప్పులతో పడుకుని, వాచీ బల్ల మీద పెట్టాను. మా ఆవిడ ఎలా ఉంటుందో చూద్దామని పెట్టుకుని తీయడం మర్చిపోయింది. రాత్రి చూస్తే పదమూడు వేల అడుగులు. గడప దాటలేదు. వంటింట్లోంచి పెరటి బాల్కనీకి, అక్కడి నుంచి మేడ మీద ఒడియాల దగ్గరికి, అమ్మ మందులకు, పిల్లల గదికి, ముందు గదిలో కషాయం అడిగిన నా దగ్గరికి. కొండపల్లిలో నేను చేసింది ఆరు వేలు. వాచీ ఆవిడకు బాణసంచా కాల్చి అభినందనలు చెప్పింది. నాకు ఎప్పుడూ చెప్పలేదు. వ్యాయామానికి తగిన దుస్తులు లేకుండా, పోపు వాసనతో వేసిన అడుగులు చెల్లవని వాచీకి తెలియదు, ఎంతైనా యంత్రం. ఆ రోజు లెక్కను నేనే చేత్తో చెరిపేశాను.

శనివారం వాన.

ఆదివారం మళ్లీ మా కొండే. ఈసారి నూట పది మెట్లు ఎక్కాను. అక్కడ ఓ ఇంటి అరుగు కనిపిస్తే కూలబడ్డాను. అది ఆ పెద్దావిడ ఇల్లే. నేను కూర్చునే లోపు ఆవిడ ఒకసారి దిగి ఎక్కింది. కుళాయి నీళ్లు ఆ ఎత్తుకు ఎక్కవట. కింద సందు మొదట్లో వచ్చినప్పుడే పట్టుకుని మోసుకోవాలి. పొద్దున ఎనిమిది బిందెలు. గ్యాసు బండ కూడా మనిషి భుజం మీదే వస్తుంది, దానికి మెట్లను బట్టి విడిగా డబ్బులు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ఇంతేనంది. నా గుండె కొట్టుకోవడం ఆవిడకు వినపడిందేమో, బిందెలోంచి చెంబుడు నీళ్లు ముంచి ఇచ్చింది. తాగాను. ఇంకో చెంబు అడిగి తాగాను. చల్లగా ఉన్నాయి. వాచీ ఆ సమయాన్ని "విశ్రాంతి, 11 నిమిషాలు" అని రాసుకుంది.

ప్రభుత్వానికి ఈ సందర్భంలోనే నా రెండో విజ్ఞప్తి. కొండల మీద ఇళ్లకు మోటార్లు పెట్టి నీళ్లెక్కించాలని కొందరు ముందుచూపు లేనివాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. దయచేసి తొందరపడొద్దు. ఎవరూ నిషేధించకుండా నడుస్తున్నది ఈ ఊళ్లో వాళ్లే. కుళాయి తిప్పగానే నీళ్లొస్తే వాళ్ల ఆరోగ్యాలు ఏం కావాలి? వాళ్లూ కరివేపాకుకు బండి తీస్తారు.

చెంబు తిరిగిస్తుంటే ఆవిడ అడిగింది.

"రేపు కూడా వస్తారా బాబూ?"

రోజూ వస్తానని, ఇక మానేది లేదని, కాస్త గర్వంగానే చెప్పాను.

"అయితే కుళాయి దగ్గర ఓ బిందె పెట్టి ఉంచుతా. ఎలాగూ పైకే కదా వచ్చేది, చేతులు ఊపుకుంటా రావడం ఎందుకు" అంది.

సోమవారం నుంచి కర్ఫ్యూ సడలింపును సాయంత్రం 6 దాకా పెంచారు. అదే రోజు పొద్దున నాకు మోకాలు నొప్పి మొదలైంది.