గోగుపువ్వు గులాబీ అయిన వైనం

పిల్లల బొమ్మల పాటల పుస్తకాల మీద ఈ మధ్య కొందరు నోరు పారేసుకుంటున్నారు. బొమ్మకూ పాటకూ పొంతన లేదట. ఈ అభాండాన్ని ఖండించే బాధ్యత నా నెత్తిన పడింది.

మొన్న మా మూడేళ్ళ మనవరాలికి ఒక పుస్తకం కొన్నాను. అట్ట దళసరి, కొరికినా ఊడి రాదు. ఆ ఒక్క పరీక్షలో నూటికి నూరు మార్కులు. లోపల "వానా వానా వల్లప్ప" పక్కన పసుపుపచ్చ రెయిన్‌కోటు, బంగారు జుట్టు, నీలికళ్ళు ఉన్న కుర్రవాడు. వల్లప్ప ఇతనేనా తాతా, అంది. అవునన్నాను. వల్లప్పను నేను మాత్రం ఎప్పుడు చూశాను గనక?

"చందమామ రావే" పాటలో చంద్రుడు గులాబీల గుత్తి పట్టుకుని ఉన్నాడు. గోగుపూలేవని మా మిత్రుడొకాయన మండిపడ్డాడు. అవి ఎలా ఉంటాయండీ అని అడిగితే నీళ్ళు నమిలాడు. ముప్పూటలా గోంగూర పచ్చడి తినే మనిషికి ఆ మొక్కే పూస్తుందని, లేత పసుపు రేకుల నడుమ ముదురెరుపు బొట్టు ఉంటుందని తెలియదు! అసలు పువ్వు బొమ్మ వేసి ఇలాంటి పెద్దలను పిల్లల ముందు నిలబెట్టకుండా పరువు కాపాడింది ఆ గులాబీయే. చందమామను అన్నమయ్య బంగారు గిన్నెలో వెన్నపాలు తెమ్మన్నాడు. ఆ కీర్తనకూ బొమ్మ వేయిస్తే పాల ప్యాకెట్టు చూడవచ్చని నా ఆశ.

ఇక కొత్త పాటలు. పూర్వం పద్యానికి పాదంలో రెండో అక్షరం దగ్గర ప్రాస, మధ్యలో యతి అని కాపలాదారులను పెట్టారు. ఎందుకంత ప్రయాస? తెలుగు వాక్యం ఎలాగూ క్రియతోనే ముగుస్తుంది, అంత్యప్రాస వ్యాకరణం ఇచ్చే కట్నం. "ఉదయం లేవాలి, పళ్ళు తోమాలి, పెద్దలను గౌరవించాలి, పరిసరాలను పరిశుభ్రంగా ఉంచుకోవాలి." నాలుగు పాదాలకు నాలుగు "లి"లు, ఇంకేం కావాలి? నాలుగో పాదం పూర్తయ్యేసరికి నాకు ఆయాసం వచ్చిన మాట నిజమే, కానీ అది వయసు వల్ల.

"రావే, తేవే" కూడా అంతే కదా అంటారా? అక్కడే తిరకాసు. "కొండెక్కి రావే, గోగుపూలు తేవే." కొ పిలిస్తే గో పలికింది, యతి అంటే అదే. "బండెక్కి రావే, బంతిపూలు తేవే." మళ్ళీ అదే. బడి ముఖం చూడని అమ్మమ్మలు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఈ ఘనకార్యం చేశారు. నేటి కవులకు వారు ఇంత అన్యాయం చేసి ఉండవలసింది కాదు.

అయినా మనసాగక నిన్న కూరగాయల బజారుకు వెళ్ళి గోగుపూలున్నాయా అని అడిగాను. గోంగూర కట్టలమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"పూత పట్టిందంటే ఆకు ముదిరినట్టే కదయ్యా, దాన్ని ఎవరు కొంటారు?"

లేత కట్టలు రెండు తెచ్చుకున్నాను. మనవరాలికి గులాబీనే చూపించాను.