ఛాతీ కోయకుండానే పూడే చిల్లు

‘పాపకు గుండెలో చిల్లు ఉంది’ అని డాక్టర్ అనగానే తల్లిదండ్రుల కళ్ల ముందు కదిలేది ఆపరేషన్ థియేటరే. రొమ్ము ఎముకను రంపంతో కోయడం, ఐసీయూలో గొట్టాల మధ్య బిడ్డ, ఛాతీ మీద జీవితాంతం నిలువు గాటు. ఆడపిల్లయితే ‘రేపు పెళ్లెలా’ అన్న టెన్షన్ అదనం. ఆ గాటు చూసి వెనక్కి తగ్గే సంబంధం తప్పిపోతేనే మేలు, అది వేరే సంగతి.

చాలామంది పిల్లలకు ఆ కోత అక్కర్లేదు. గుండె పై గదుల మధ్య గోడకు చిల్లు ఉంటే, గజ్జల్లోని సిర గుండా సన్నని గొట్టం పంపిస్తారు. అందులో నిటినాల్ అనే మిశ్రమలోహపు తీగలతో అల్లిన పరికరం మడిచిన గొడుగులా వెళ్లి, గోడకు అటొక బిళ్ల, ఇటొక బిళ్లగా విచ్చుకుంటుంది. సరిగా కూర్చుందని ఎకో (గుండె స్కానింగ్)లో చూసుకున్నాకే డాక్టర్ మర తిప్పి దాన్ని వదులుతారు. కుదరకపోతే అంతకుముందే వెనక్కి లాగేయవచ్చు. ఒకటి రెండు రోజుల్లో బిడ్డ ఇంటికొస్తుంది. ఈ తరహా ఆంప్లాట్జర్ పరికరానికి అమెరికా 2001లోనే అనుమతిచ్చింది. గుండె పక్కనే ఉండి, పుట్టాక మూసుకోవాల్సిన పీడీఏ అనే రక్తనాళం తెరుచుకునే ఉంటే, 700 గ్రాముల నెలతక్కువ శిశువుకు కూడా పనికొచ్చే పరికరం 2019లో అక్కడ ఆమోదం పొందింది.

అన్ని లోపాలకూ ఇది కుదరదు. చిల్లు చుట్టూ తగినంత అంచు లేకపోతే పరికరానికి పట్టు దొరకదు. ఒళ్లు నీలంగా మారే కొన్ని జబ్బులకు సర్జరీయే దారి.

మన దగ్గర అసలు చిక్కు ఆలస్యం. పై గదుల చిల్లున్న పిల్లలు ఏళ్లతరబడి హుషారుగానే ఆడుకుంటారు. పెద్ద చిల్లును అలాగే వదిలేస్తే ఊపిరితిత్తుల్లో రక్తపోటు పెరిగిపోయి, ఒక దశ దాటాక మూయడమే ప్రమాదమవుతుంది. మరికొన్ని లోపాల్లో పసికందు పాలు తాగుతూ మధ్యలో ఆగి రొప్పుతుంది, నుదుట చెమట పడుతుంది, మాటిమాటికీ నిమ్ము చేస్తుంది. ఇంట్లో వాళ్లు దిష్టి తీసి ఊరుకుంటారు.

బాలల ఆరోగ్య పరీక్షల కోసం కేంద్రం 2013లో ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) తెచ్చింది. కానీ ఆ బృందాలు పిల్లల్ని చూసే అంగన్‌వాడీ గోలలో స్టెతస్కోప్‌కు ఏం వినిపిస్తుంది? అనుమానం వచ్చిన బిడ్డకు జిల్లా ఆసుపత్రిలోనే ఎకో తీయాలి. పిల్లల గుండె డాక్టర్ వారానికి ఒక్కరోజైనా అక్కడికి రావాలి. తిరుపతిలో టీటీడీ 2021లో చిన్నపిల్లల హృదయాలయం తెరిచింది, హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది. చికిత్స ఖర్చుకు ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో ఒక్క ఎకో కోసం బయల్దేరే కూలీకి పోయిన రోజుల కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు.