ఎక్స్ విలువ లక్షా పాతికవేలు

మా మామయ్య హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయనతోపాటు లెక్కలు కూడా రిటైరవుతాయని అత్తయ్య ఆశపడింది. అలా ఏం జరగలేదు. "వంకాయలు కిలో ఎక్స్ రూపాయలనుకుందాం" అని మామయ్య మొదలుపెడితే, "అనుకునుడెందుకు సార్, నలభై" అని బండివాడు తేల్చేసేవాడు.

అలాంటి మనిషి 2024లో కారు కొందామనుకున్నారు. మోడల్ ఖాయమైంది, రంగు అత్తయ్య ఖాయం చేసింది. మిగిలింది పెట్రోలా, డీజిలా అన్నదే. హైదరాబాద్ వనస్థలిపురంలో కారున్న ప్రతివాడికీ దీనిమీద ఒక అభిప్రాయం ఉంది. మామయ్యకి అభిప్రాయాలమీద నమ్మకం లేదు. ఎవరిదో పెళ్ళి శుభలేఖ తిరగేసి, నన్ను పక్కన కూర్చోబెట్టి, సమీకరణం రాశారు.

పెట్రోలు బండి రిజిస్ట్రేషనూ ఇన్సూరెన్సూ కలిపి ఆన్‌రోడ్ 11 లక్షలు, డీజిల్‌ది పన్నెండున్నర. పెట్రోలు లీటరు 108, డీజిల్ 96. పైసలన్నీ పైకి సర్దేశారు. అది లీటరుకి 18 కిలోమీటర్లిస్తే ఇది 20 ఇస్తుంది. అంటే కిలోమీటరుకి పెట్రోలైతే 6 రూపాయలు, డీజిలైతే 4 రూపాయల 80 పైసలు. తిరిగే కిలోమీటర్లు ఎక్స్.

"11,00,000 ప్లస్ 6 ఎక్స్, ఈక్వల్స్ 12,50,000 ప్లస్ 4.80 ఎక్స్. ఎక్స్‌లన్నీ ఇటు, అంకెలన్నీ అటు. పక్షాంతరం చేస్తే గుర్తు మారుతుంది, చూసుకో."

చూసుకున్నాను. లక్షన్నరని 1.20తో భాగిస్తే ఎక్స్ విలువ 1,25,000.

జవాబు అంత గుండ్రంగా రావడమే కొంప ముంచింది. పాయింటు తర్వాత ఏ 3.7142 లాంటిదో వచ్చుంటే ఆయన మళ్ళీ ఒకసారి సరిచూసుకునేవారు. చివర సున్నాలతో వచ్చిన జవాబు లెక్కల మాస్టారికి దైవాజ్ఞ. "లక్షా పాతికవేలు దాటితే ఆపైన ప్రతి కిలోమీటరుకీ రూపాయి ఇరవై పైసలు లాభమేరా!" అంటూ వెళ్ళి డీజిల్ బండికి డబ్బు కట్టేశారు. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు, మిఠాయిలు పంచారు.

శుభలేఖ అత్తయ్య చేతికి ఆ తర్వాత దొరికింది. ఆవిడ చదివింది పదో తరగతే. కానీ కాలనీలో చీటీ పాటల లెక్కలన్నీ ఆవిడవే.

"ఏవండీ, మనం నెలకి ఎంత తిరుగుతాం?"

"ఎంతలే, ఐదొందలు."

"ఏడాదికి ఆరువేలు. మరి ఈ లక్షా పాతికవేలు ఎప్పటికవుతుంది?"

ప్రతిక్షేపించడం మామయ్యకి రాక కాదు. పిల్లలకి నేర్పినదే. ఆవిడ ముందు చెయ్యాల్సి రావడమే కష్టమైంది. "ఇరవయ్యేళ్ళ పది నెలలు" అన్నారు మెల్లిగా.

"రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకేగా ఇచ్చింది?"

అంతటితో ఆగినా బాగుండేది. బీటెక్ చదివే మా చెల్లి ఊరుకోకుండా, డీజిల్ బండికి సర్వీసు ఖర్చు ఏడాదికి మూడువేలు ఎక్కువైతే అని ఇంకో లైను చేర్చింది. ఏటా మిగిలే 7,200లోంచి అది తీసేస్తే 4,200. లక్షన్నర రాబట్టాలంటే ముప్పై ఐదేళ్ళు దాటుతుంది. దానికి మామయ్య వయసు కూడితే ఎంతవుతుందో అందరికీ తట్టింది. ఆ కూడిక మాత్రం ఎవరూ పైకి చెయ్యలేదు.

మామయ్య రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే కాఫీ తాగుతూ ప్రకటించారు: "సమీకరణం తప్పు కాదు. మనం తిరగడమే తక్కువ."

ఆ మాటతో చుట్టాలకి మంచిరోజులొచ్చాయి. ఎవరు ఏ ఊరు వెళ్ళాలన్నా మామయ్య తయారు. సూర్యాపేటలో ఎవరో దూరపు బంధువు నామకరణానికి, పిలవనివాళ్ళని కూడా ఎక్కించుకుని వెళ్ళారు. ఎదురింటాయన "గుడికేగా, నా బండిలో రండి" అంటే, ఆస్తి కాజేస్తున్నట్టు చూశారు. ఫోన్లో మ్యాపు మూడు దారులు చూపిస్తే, అన్నిటికంటే పొడవైనది నొక్కేవారు. లోకంలో అందరికీ కష్టంగా తోచే డైవర్షన్ బోర్డు ఆయనకి బోనస్. పాత అకౌంట్ పుస్తకం ఒకటి తీసి "మిగులు" అని రాసి, ప్రతి ప్రయాణానికీ కిలోమీటర్లని 1.20తో హెచ్చవేసి వేసుకునేవారు. పోయించిన డీజిల్‌కి ఆ పుస్తకంలో కాలమ్ లేదు.

ఈలోగా బండిలో పసుప్పచ్చ దీపమొకటి వెలిగింది. సర్వీసు కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. డీజిల్ పొగలో మసి పట్టుకోడానికి డీపీఎఫ్ అని ఒక ఫిల్టరుంటుంది. బండి కాసేపు ఏకధాటిగా వేగంగా పోతే ఆ వేడికి మసి కాలిపోతుంది. మార్కెట్‌కీ మందుల షాపుకీ తిప్పితే కాలదు, పేరుకుపోతుంది. "హైవే ఎక్కించి ఓ అరగంట ఆపకుండా నడపండి సార్."

ఇంకొకడైతే తల పట్టుకునేవాడు. మామయ్య ముఖం వెలిగిపోయింది. ఊరికే తిరుగుతున్నారని ఇన్నాళ్ళూ దెప్పారుగా, ఇప్పుడు డాక్టరు చీటీ రాసిచ్చినట్టయింది. అప్పట్నుంచి విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాకా వెళ్ళి రావడం ఆ ఇంట్లో వైద్యం కింద లెక్క. పంతంగి టోల్‌గేటుకి ముందే వెనక్కి తిరిగేవాళ్ళం. టోల్ కడితే మిగులు తగ్గుతుందిగా! రానూపోనూ 80 కిలోమీటర్లు, డీజిల్ 384 రూపాయలు, మిగులు 96. మధ్యలో అందరికీ టీలూ మిరపకాయ బజ్జీలూ. అవి ఎందులో రాయాలి మామయ్యా అంటే, "బజ్జీ స్థిరాంకమూ కాదు, చలరాశీ కాదు" అని కొట్టిపారేశారు.

ఇన్సూరెన్స్ రెన్యువల్ కాగితం వచ్చిన రోజు అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఆన్‌రోడ్ ఖర్చులు కలపకముందు షోరూమ్‌లో పది లక్షలన్న బండికి కాగితంలో ఎనిమిది లక్షలే విలువ కట్టారు. రెండో ఏట ఇరవై శాతం తరుగు తీసేస్తారట.

"రూపాయీ పావలా ఏరుకుంటుంటే రెండు లక్షలు పోయాయేంటండీ?"

"పెట్రోలు బండికీ ఇరవై శాతమే పోతుంది. ఇరుపక్షాలా ఉన్నదాన్ని కొట్టేయొచ్చు." ఇక్కడ మాత్రం ఆయన మాటలో కొంత న్యాయముందని నాకనిపించింది.

"కొట్టేస్తే కాగితంలోంచి పోతుంది. ఇంట్లోంచి కూడా పోయిందిగా!"

ఈ గొడవ ఇలా సాగుతుండగా 2025 ఆగస్టు 15న ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది. అప్పట్లో మూడువేలు కడితే జాతీయ రహదారుల టోల్‌గేట్లు 200 సార్లు దాటొచ్చన్నారు. 200 అయినా, ఏడాది అయినా, ఏది ముందైతే దాంతో సరి. మామయ్య ఆ రాత్రే ఫోన్లో కట్టేసి, పొద్దున్నే నాకు ఫోన్ చేశారు. "మూడువేలు బై రెండొందలు, దాటితే పదిహేను రూపాయలేరా! కానీ ఏడాదిలో 200 దాటకపోతే ఆ రేటు రాదు."

అవతల అత్తయ్య గిన్నెలు గట్టిగా పెడుతున్న చప్పుడు వినబడింది.

ఇప్పుడు పంతంగి దాటాకే వెనక్కి తిప్పుతున్నారు. వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి.