పదో తరగతిలో వెనక్కి వెళ్తే టైం వేస్ట్ అవ్వదు

కొన్ని రోజులుగా వైజాగ్ పేరెంట్స్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. గాజువాక నుంచి ఒకరు పంపారు, మధురవాడ నుంచి ఇంకొకరు, చివరికి మా అక్క కూడా పంపింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "ఒక్కో పిల్లాడికి ఒక్కో రకంగా చదువు చెప్పాలనడం డబ్బున్నవాళ్ళ ఫ్యాషన్. మేం 60 మంది క్లాసులో చదివి పైకి రాలేదా? పరీక్ష పేపర్ అందరికీ ఒకటే, చదువూ ఒకటే ఉండాలి. పదో తరగతిలో బేసిక్స్ అంటూ వెనక్కి వెళ్తే సిలబస్ అవ్వదు. పొద్దున్న 5 నుంచి రాత్రి 10 దాకా కూర్చోబెడితే అందరికీ వస్తుంది. యాప్‌లు కొనడం దండగ."

నేను గోపాలపట్నంలో 16 ఏళ్ళుగా తొమ్మిది, పది పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. ఈ మెసేజ్ నమ్మి ఇప్పటికే ఇద్దరు తల్లిదండ్రులు "సార్, మీరు ఏడో క్లాసు లెక్కలు చేయిస్తున్నారట, ఆపేయండి" అని ఫోన్ చేశారు. అందుకే రాస్తున్నాను.

"మేం 60 మందిలో చదివి పైకి రాలేదా?" వచ్చారు, సంతోషం. నేనూ కంచరపాలెంలో అలాంటి క్లాసులోనే చదివాను. ఎనిమిదో తరగతిలో నా బెంచీ మీద ఇంకో ముగ్గురుండేవాళ్ళు. వాళ్ళలో ఇద్దరు పదో తరగతి పరీక్ష రాయనేలేదు. ఒకడు ఫిషింగ్ హార్బర్‌లో పనికి వెళ్ళిపోయాడు, ఇంకొకడు ఆటోనగర్‌లో షెడ్డులో చేరాడు. ఇద్దరికీ తెలివి లేక కాదు, భిన్నాలు మొదలైన రోజు నుంచి బోర్డు మీద ఏం రాస్తున్నారో వాళ్ళకి అర్థం కాలేదు, అడిగినవాళ్ళూ లేరు. ఆ పద్ధతి ఎలా ఉండేదో వాళ్ళని కూడా అడిగితేనే లెక్క సరిపోతుంది.

"పేపర్ ఒకటే కాబట్టి చదువూ ఒకటే." అందరూ చేరాల్సింది ఆర్టీసీ కాంప్లెక్స్‌కే, కానీ పెందుర్తిలో ఉన్నవాడినీ భీమిలిలో ఉన్నవాడినీ ఒకే బస్సు ఎక్కమంటామా?

పోయినేడాది నా దగ్గర ఒక అబ్బాయికీ ఒక అమ్మాయికీ ప్రీఫైనల్ లెక్కల్లో సరిగ్గా 32 మార్కులే వచ్చాయి. పాస్ మార్కు 35. వాళ్ళ స్కూల్లో ఇద్దర్నీ ఒకే స్పెషల్ క్లాసులో కూర్చోబెట్టి వర్గ సమీకరణాల చాప్టర్ మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. ఇద్దరికీ పైసా ఉపయోగం లేదు. పేపర్లు తెప్పించి చూశాను. అబ్బాయికి సూత్రం వచ్చు, విచక్షణి (ఆ సూత్రంలో వర్గమూలం కింద వచ్చే విలువ) ఎలా కట్టాలో కూడా వచ్చు, కానీ 25 లోంచి మైనస్ 24 తీసేయాల్సిన చోట మామూలు 24 తీసేసి 1 అని రాశాడు. రావాల్సింది 49. వాడికి రానిది వర్గ సమీకరణం కాదు, రుణ సంఖ్యలు, అంటే ఏడో తరగతి పాఠం. అమ్మాయి సంగతి పూర్తిగా వేరు. లెక్కలన్నీ చేసింది, మాటల్లో ఇచ్చిన సమస్యలు మాత్రం ఖాళీగా వదిలేసింది. ఎందుకమ్మా అంటే చాలాసేపు తల దించుకుని, "సార్, ఎక్సీడ్స్ అంటే ఏటి?" అంది. "పొడవు వెడల్పు కంటే 3 మీటర్లు ఎక్కువ" అని తెలుగులో చెప్పాను, నా ముందే చేసేసింది.

ఇక "వెనక్కి వెళ్తే సిలబస్ అవ్వదు" అన్న మాటకి వస్తాను, తల్లిదండ్రుల్ని భయపెడుతున్నది ఇదే. ఆ అబ్బాయికి రుణ సంఖ్యలు సరిచేయడానికి రోజుకి ఇరవై నిమిషాల చొప్పున రెండు వారాలు పట్టింది. అమ్మాయికి నలభై ఇంగ్లీషు మాటల నోటుబుక్ సరిపోయింది. వెనక్కి వెళ్ళడమంటే ఏడో తరగతి పుస్తకం మొత్తం తిరగేయడం కాదు, తెగిన ముడి ఎక్కడుందో చూసి అక్కడ కట్టుకుని రావడం. అది చేయకుండా ముందుకి పరిగెత్తితే పూర్తయ్యేది టీచర్ సిలబస్, పిల్లాడిది కాదు.

ఇది నా ఒక్కడి అనుభవం అనుకోకండి. ఢిల్లీలో 6 నుంచి 9 తరగతుల పిల్లల మీద ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. అక్కడ ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు, తొమ్మిదికి వచ్చేసరికి ఆ దూరం నాలుగున్నర తరగతులైంది. మామూలు క్లాసుల్లో అడుగున ఉన్న పిల్లలు ఏడాది మొత్తంలో దాదాపు ఏమీ నేర్చుకోలేదు. ఎవరి స్థాయి నుంచి వాళ్ళకి మొదలుపెట్టిన పిల్లలు మాత్రం నాలుగున్నర నెలల్లోనే బాగా ముందుకి వచ్చారు.

"డబ్బున్నవాళ్ళ ఫ్యాషన్" అన్నది కూడా నిజం కాదు. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పల్లెటూళ్ళ ప్రభుత్వ బడుల్లో ప్రాథమిక తరగతుల పిల్లల్ని రోజులో కొంతసేపు తరగతి ప్రకారం కాకుండా, వచ్చిన చదువు ప్రకారం గుంపులు చేసి చెప్పించింది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఏళ్ళ తరబడి పరీక్షించి చూసిన పద్ధతుల్లో ఇదొకటి. దానికి ఏసీ గదులు, ట్యాబ్‌లు అక్కర్లేదు. హైస్కూల్లో 50 మంది ఉన్న టీచర్ కూడా స్లిప్ టెస్ట్ ఎలాగూ పెడతారు. ఆ పేపర్లని మార్కుల ప్రకారం కాక తప్పుల ప్రకారం పేరిస్తే చాలు, 50 మందీ నాలుగైదు కట్టలకి మించరు.

యాప్‌ల గురించి మెసేజ్‌లో ఉన్నది కొంతవరకు నిజమే. అందరికీ అదే వీడియో చూపించే యాప్, చేతిలోకి వచ్చిన 60 మంది క్లాసు తప్ప ఇంకేమీ కాదు. అలాగే "మీ పిల్లాడు కంటితో నేర్చుకునే రకం, చెవితో నేర్చుకునే రకం" అని టెస్టులు పెట్టి డబ్బు తీసుకుంటున్నారు, దానికి సరైన ఆధారం లేదని 2008లోనే మనోవైజ్ఞానికులు తేల్చారు. వాటిని నేను సమర్థించను.

ఇక 5 నుంచి 10. ఈ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతున్నారు. రాత్రి పదికి వదిలితే ఇంటికొచ్చి తిని పడుకునేసరికి 11, పొద్దున్న లేవాల్సింది నాలుగున్నరకి. నా దగ్గరికి సాయంత్రం వచ్చి బెంచీ మీద తల వాల్చేసే పిల్లల్ని లేపాలంటే నాకు చేతులు రావు.

ఫోన్ చేసిన ఆ ఇద్దరు తల్లిదండ్రులకీ ఒకటే చెప్పాను: ఈ ఆదివారం మీ పిల్లల పాత లెక్కల పేపర్లు పట్టుకుని రండి, కలిసి చూద్దాం. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ముఖ్యమైన చోట్ల ఒక్కో ప్రశ్న పెట్టి పది ప్రశ్నల కాగితం ఒకటి తయారు చేసుకున్నాను, ముప్పై నిమిషాల్లో అయిపోతుంది. ఎవరికైనా కావాలంటే అడగండి, ఫోటో తీసి పంపుతాను.