ఐదు వందల మెగావాట్ల అల్లుడుగారికి

ఆవిరి టర్బైన్‌తో తిరిగి కరెంటు పుట్టించే మహారాజశ్రీ టర్బో జనరేటర్ అల్లుడుగారికి, కంట్రోల్ రూమ్ అత్తారింటివారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తిరగడం తప్ప మీకు వేరే పని లేదు, కాదనం. నిమిషానికి 3,000 చుట్లు, రోటర్‌కు, అంటే మీలో తిరిగే భాగానికి, రెండే అయస్కాంత ధ్రువాలు, అందుకే కరెంటు ఫ్రీక్వెన్సీ సెకనుకు 50 ఆవర్తనాలు, అంటే 50 హెర్ట్జ్. శ్రీశైలంలో మీ తోడల్లుళ్లు, జలవిద్యుత్ జనరేటర్లు, ఒంటినిండా ధ్రువాలు పెట్టుకుని, కృష్ణ నీళ్ల మీద నింపాదిగా తిరుగుతూ అదే 50 ఇస్తున్నారు. లేవమంటే నిమిషాల్లో లేస్తారు. మీకేమో లేవడానికే గంటలు.

భోజనం సంగతి. గంటకు సుమారు 1,500 టన్నుల ఆవిరి, 537 డిగ్రీల వేడి, చదరపు సెంటీమీటరుకు 170 కిలోల ఒత్తిడి. హెచ్‌పీలో (ఎక్కువ ఒత్తిడి టర్బైన్‌లో) ఒక వాయి అయ్యాక చల్లారిందని బాయిలర్‌కు తిప్పిపంపి, మళ్లీ కాయించుకుని ఐపీ, ఎల్‌పీల్లో (మధ్యరకం, తక్కువ ఒత్తిడి టర్బైన్లలో) తింటారు. ఇంతా చేసి తెచ్చిన వేడిలో దాదాపు సగం, ఆవిరిని మళ్లీ నీరుగా మార్చే కండెన్సర్ నీళ్లలో వదిలేస్తారు. అది మీ వంశాచారమట, అని లాభం లేదు.

అసలు యాతన ముహూర్తం దగ్గర. మిమ్మల్ని గ్రిడ్డుకు, అంటే ఊళ్లకు కరెంటు మోసే తీగల వలకు, కలపాలంటే దానితో వోల్టేజీ కలవాలి, ఫ్రీక్వెన్సీ కలవాలి, ఫేజు (కరెంటు అలల ఎత్తుపల్లాల వేళ) కలవాలి. ఆ కలయిక చూపే సింక్రోస్కోపు ముల్లు గడియారం తిరిగే వైపే, అదీ మెల్లగా తిరగాలి. అంటే మీరు గ్రిడ్డుకన్నా రవ్వంత వేగంగా ఉన్నట్టు. అలా ఉంటే ఎక్కగానే బరువు (లోడు) అందుకుంటారు. వెనకబడి ఉంటే గ్రిడ్డే మిమ్మల్ని మోటారులా తోస్తుంది. మిమ్మల్ని గ్రిడ్డుకు కలిపే పెద్ద స్విచ్చి, బ్రేకరు, మూసుకోవడానికీ క్షణం పడుతుంది గనుక ముల్లు పన్నెండు మీదికి రాకముందే మీట నొక్కాలి. ముహూర్తం తప్పి ఎదురు ఫేజులో కలిపామా, షాఫ్టు మెలిపడుతుంది, స్టేటర్ (కదలని భాగం) చివరి తీగచుట్లు కదిలిపోతాయి.

పైగా మీకు మామూలు గాలి పడదు, ఒళ్లు చల్లబడాలంటే హైడ్రోజనే కావాలి. గాలికన్నా పద్నాలుగు రెట్లు తేలిక, కాబట్టి రాపిడి తక్కువ. గాలిలో అది 4 నుంచి 75 శాతం మధ్య ఉంటే మాత్రం నిప్పురవ్వ చాలు. అందుకని ముందు కార్బన్ డయాక్సైడుతో గాలిని వెళ్లగొట్టి, ఆ తర్వాతే హైడ్రోజన్ నింపాలి. ఖాళీ చేసేటప్పుడూ నడుమ ఆ మధ్యవర్తే.

ఇక అలకలు. టర్బైన్ వైపు ట్రిప్ అయితే, అంటే రక్షణ కోసం దానంతటదే ఆగితే, ముందు ఆవిరి వాల్వులు మూసుకోవాలి, గ్రిడ్డు నుంచి మీలోకే కరెంటు వస్తోందని రివర్స్ పవర్ రిలే ఖాయం చేశాకే బ్రేకరు తెరుచుకోవాలి. వాల్వు కాస్త కారుతుండగా బ్రేకరు తెరిస్తే బరువు దిగిపోయిన మీరు 3,300 దాటి పరుగెడతారు. అలాగని ఆవిరి లేకుండా గ్రిడ్డు తిప్పుతూ పోతే చివరి వరస బ్లేడ్లు కాలతాయి. అటూ ఇటూ సెకన్లే వ్యవధి.

ఆగి పడుకున్నా పడుకోనివ్వకూడదట! కదలకుండా ఉంచితే పైభాగం వేడిగా, కిందిభాగం చల్లగా ఉండి రోటర్ విల్లులా వంగుతుంది. అందుకే కేసింగు చల్లారేదాకా, రోజుల తరబడి, బారింగ్ గేరు అనే తిప్పుడు యంత్రంతో మెల్లగా దొర్లిస్తూనే ఉంటాం. వంపు పోకుండా లేపితే వైబ్రేషన్, సీళ్ల రాపిడి, మళ్లీ అలక.

ఇట్లు,
మీ అత్తారింటివారు

తా.క. మూలన కూర్చున్న మీ బావమరిది డీసీ ఆయిల్ పంపును పండక్కీ పబ్బానికీ పలకరించేవాళ్లు లేరు. స్టేషనంతా చీకటైన రోజున మీ బేరింగుల లోపలి మెత్తని పూత, తెల్లలోహం, కరగకుండా నూనె పోసేది ఆయనొక్కడే. ఆయన బ్యాటరీలు ఎలా ఉన్నాయో రేపు చూసి వస్తాం.