మిగిలినవాటిలో మూడో వంతు

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక ఇల్లు. రాత్రి ఎనిమిదిన్నర. వంటింట్లో చట్నీకి చెనిక్కాయ విత్తనాలు వేగుతున్నాయి. నడవలో ఐదో తరగతి పాప ఏడో లెక్క దగ్గర ఆగిపోయి పెన్సిలు కొరుకుతోంది. లెక్క ఇదీ:

ఒకాయన తిరుమల నుంచి కొన్ని లడ్లు తెచ్చాడు. వాటిలో 2/5 వంతు ఇరుగుపొరుగుకు పంచాడు. మిగిలినవాటిలో 1/3 వంతు చుట్టాలకు ఇచ్చాడు. ఇంకా 12 లడ్లు ఉన్నాయి. మొదట తెచ్చినవి ఎన్ని?

"ఈ మాత్రం దానికా? ఇట్టియ్ పుస్తకం," అన్నాడు నాయన. ఇళ్లల్లో లెక్కల ప్రమాదాలు చాలావరకు ఈ వాక్యంతోనే మొదలవుతాయి.

పుస్తకం తీసుకోగానే ఆయన చేతిలోకి బాల్‌పెన్ను, నోట్లోకి ఎక్స్ వచ్చాయి.

"మొత్తం లడ్లు ఎక్స్ అనుకో."

"ఎక్స్ అంటే ఏంది నాయనా?"

"మనకు తెలీని సంఖ్య."

"తెలీనిదాంట్లో నుంచి ఎట్ల తీసేస్తావు?"

ప్రశ్న న్యాయమైనదే. ఎక్స్ ఆరో తరగతి సరుకు. ఐదో తరగతి బిడ్డకు అది గుణకారం గుర్తు చేతులు చాచుకున్నట్టు కనిపిస్తుంది తప్ప లడ్ల బుట్టలా కనిపించదు. నాయన ఇవేవీ పట్టించుకోకుండా ఎక్స్‌లోంచి 2/5 తీశాడు, 1/3 తీశాడు, మిగిలింది 12 అన్నాడు. క.సా.గు. 15. పదిహేను ఎక్స్‌లలో ఆరు పోయె, ఐదు పోయె, నాలుగు మిగిలె. 4/15 వంతు 12 అయితే మొత్తం 45. సరిచూశాడు కూడా. 45లో 2/5 అంటే 18, 1/3 అంటే 15, రెండూ తీసేస్తే 12. ఇంకేం కావాలి?

పుస్తకం చివర జవాబుల పేజీ తిప్పితే అక్కడ 30 అని ఉంది.

"అచ్చుతప్పు," అన్నాడు నాయన. అనడంతో ఊరుకోలేదు. 30ని పెన్నుతో కొట్టేసి పక్కన 45 వేసి, దాన్ని ఫోటో తీసి తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "7వ లెక్కకు జవాబు పుస్తకంలో తప్పు. 45 అని దిద్దుకోగలరు." రెండు నిమిషాల్లో ఆరు బొటనవేళ్లు లేచాయి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆయన బీజగణితంలో తప్పు లేదు. క.సా.గు. సరే, తీసివేత సరే, సరిచూడటం కూడా ముచ్చటగానే ఉంది. పోయింది ఒకే ఒక్క మాట, 'మిగిలినవాటిలో'. చుట్టాలకిచ్చిన మూడో వంతు మొత్తంలో మూడో వంతు కాదు, పక్కిళ్లకు పంచగా మిగిలినదాంట్లో మూడో వంతు. భిన్నాల లెక్కల్లో పెద్దలూ పిల్లలూ జారేది ఎక్కువగా ఈ మెట్టు మీదే. పైగా జారినవాడు తాను వేసుకున్న సమీకరణంలోనే జవాబును పెట్టి చూసుకుంటే అది తప్పకుండా సరిపోతుంది, దొంగ తన సంచి తానే సోదా చేసుకున్నట్టు. సరిచూడాల్సింది సమీకరణంలో కాదు, లెక్కలోని కథలో. 45లోంచి 18 పోతే 27. ఆ 27లో మూడో వంతు 9. మిగిలేది 18, పన్నెండు కాదు.

ఈలోగా తాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆయన చదువు అర, పావు, అరపావు, వీసం. అన్నీ సగంలో సగాలే. వీసమంటే పదహారో వంతు. ఆ బడిలో ఐదో వంతుకు అడ్మిషనే లేదు. "2/5 అంటే పావు కంటే ఎక్కువ, అర కంటే తక్కువ. అంతవరకు చెప్పగలను," అన్నాడు. నిజానికి ఆ రాత్రి అప్పటిదాకా ఆ ఇంట్లో వినిపించిన సరైన మాట అదొక్కటే. ఎవరూ రాసుకోలేదు.

అవ్వ దారి వేరు. "నోటిలెక్కలు నాకొద్దు. ఎదురుగా పెట్టి పంచి చూపీండి," అని వంటింట్లోకెళ్లి వేయించిన విత్తనాలు పళ్లెంలో తెచ్చింది. పద్ధతిగా చూస్తే ఇది మంచి పద్ధతే. చేత్తో పట్టుకునే వస్తువు, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే అంకెలు. చిన్న తరగతులకు ఈ వరసే నప్పుతుంది. నలభై ఐదు విత్తనాలు లెక్కపెట్టారు. పద్దెనిమిది ఇరుగుపొరుగు కుప్ప. మిగిలిన ఇరవై ఏడులో మూడో వంతు, తొమ్మిది, చుట్టాల కుప్ప. ఇంటికి మిగిలిన కుప్పను పాప లెక్కపెట్టింది.

"పన్నెండు!"

"చూస్తివా? నేను చెప్పలా!" అన్నాడు నాయన.

పద్దెనిమిది ఉండాల్సిన చోట పన్నెండు ఎలా వచ్చాయంటే, పంపకం జరుగుతుండగా తాత ఆరు నోట్లో వేసుకున్నాడు. వేగిన చెనిక్కాయ విత్తనాల ముందు కూర్చోబెట్టి నిగ్రహం చూపమంటే ఎట్ల? అందుకే లెక్కలకు తినే వస్తువు పనికిరాదు. చింతగింజలు శ్రేష్ఠం. ఒక ముప్పై గింజలు కడిగి ఆరబెట్టి డబ్బాలో పోసి పెట్టుకుంటే ఐదో తరగతి దాకా పనికొస్తాయి, ఎవరూ నమలరు.

ఇదంతా చూస్తే పాపకు లెక్కలు రావనిపిస్తుంది. వస్తాయి. రానిది లెక్కను చదవడం. అంకెలు కనబడగానే వాటిని ఏదో ఒకటి చేసెయ్యాలనే తొందర అన్ని దేశాల పిల్లలకూ ఉంది. 1979లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో చిన్న తరగతుల పిల్లలను "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత?" అని అడిగితే, 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక వయసు తేల్చేశారు. అంత దూరం ఎందుకు, ఇదే నోటుబుక్కులో ఆరో లెక్క చూడండి. 130 మంది పిలకాయలు కొండకు పోవాలి, ఒక్కో బస్సులో 48 మంది పడతారు, ఎన్ని బస్సులు కావాలి? పాప జవాబు: 2 బస్సులు, శేషం 34. నాయన దాన్ని దిద్ది 2.7 బస్సులు చేశాడు. "ఆ ముప్పై నాలుగు మందీ అలిపిరి కాడ దిగి 3550 మెట్లూ ఎక్కతారా?" అనింది అవ్వ. మూడో బస్సు వచ్చింది అప్పుడే.

'కంటే ఎక్కువ' అనే మాటా ఇలాంటిదే. చిత్తూరు మండీలో ఒక రైతు దగ్గర 48 బుట్టల మామిడికాయలున్నాయి, ఇవి రెండో రైతు బుట్టలకంటే 12 ఎక్కువ, రెండో రైతువి ఎన్ని అంటే 'ఎక్కువ' కనబడింది కాబట్టి కూడేసి 60 అంటారు. "ఎక్కువ అంటే కూడిక, తక్కువ అంటే తీసివేత" అని బట్టీ పట్టించిన పెద్దలదే ఆ పాపం. లెక్క ముట్టుకోకముందే "ఎవరి దగ్గర ఎక్కువున్నాయి?" అని ఒక్క ప్రశ్న అడిగితే 36 తనంతట తానే వస్తుంది.

ఇంతలో అమ్మ వచ్చింది, లెక్క కోసం కాదు, విత్తనాల కోసం. "చట్నీకి పెట్టుకున్నవి ఎవురు తీసిండేది?" అందరూ పుస్తకంలోకి చూశారు. ఆమె కూడా చూసింది. తర్వాత అంకెల మీద వేళ్లు పెట్టి మూసేసింది.

"అంకెలు లేకుండా కథ జెప్పు పాపా."

"ఒకాయన లడ్లు తెచ్చినాడు. కొన్ని పక్కిండ్లకు ఇచ్చినాడు. మిగిలినాటిలో కొన్ని చుట్టాలకు ఇచ్చినాడు. కొన్ని ఇంట్లో ఉండాయి."

"చుట్టాలకు ఏటిలోంచి ఇచ్చినాడు?"

"మిగిలినాటిలోంచి."

నాయన గొంతు సవరించుకున్నాడు.

చదరాల నోటుబుక్కులో పది సెంటీమీటర్ల పట్టీ గీయించింది అమ్మ. రెండేసి సెంటీమీటర్లకు ఒక గీత, ఐదు డబ్బాలు. స్కేలు తప్పనిసరి, డబ్బాలు సమానంగా లేకపోతే భిన్నం అబద్ధమాడుతుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. లడ్లు గుండ్రంగా గీసి జీడిపప్పులు పెట్టే పని పిల్లలకు అప్పజెప్పకూడదు, తెల్లారుతుంది. రెండు డబ్బాలు కొట్టేయించింది, ఇరుగుపొరుగు. మిగిలినవి మూడు. వాటిలో మూడో వంతంటే సరిగ్గా ఒక డబ్బా, చుట్టాలు. ఇక రెండు డబ్బాలున్నాయి, వాటిలో 12 లడ్లు. డబ్బాకు ఆరు. ఐదు డబ్బాలకు ముప్పై.

క.సా.గు. అక్కర్లేకపోయింది. చుట్టాలకు మిగిలినవాటిలో సగం ఇచ్చాడని లెక్క మారిస్తే మూడు డబ్బాల్లో సగం ఎట్లాగని పాప ఆగుతుంది. అప్పుడు ప్రతి డబ్బానూ రెండుగా చీల్చితే మొత్తం పది, మిగిలినవి ఆరు, అందులో సగం మూడు. డబ్బా చీల్చడం తెలిస్తే చాలు. సింగపూరు బడుల్లో 1980లలో ప్రాథమిక తరగతులకు ఈ డబ్బాల బొమ్మే పెట్టారు. మనకూ మాటల లెక్కలు కొత్తేం కాదు, 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పద్యంలో లెక్క వింటే ముందు కథ అర్థం చేసుకోక తప్పదు, పెన్ను తర్వాతి సంగతి.

"ముప్పై లడ్లంటే, ఒక్కోటి 175 గ్రాములు లెక్కన, అయిదుంబావు కిలోలు. మోసుకొచ్చి ఉంటాడులే," అన్నాడు తాత, దవడ ఆడిస్తూ.

నాయన జవాబుల పేజీలో 45ను కొట్టేసి మళ్లీ 30 వేశాడు. గ్రూపు తెరిచేసరికి బొటనవేళ్లు పద్నాలుగు అయ్యాయి. ఒకరు "మా బాబు 30 రాశాడు, చెరిపించాను, థ్యాంక్స్ సార్" అని రాశారు. కాసేపు ఫోను వైపే చూసి ఆయన "సవరణ: 30 సరైనదే" అని పెట్టాడు. వెంటనే జవాబు వచ్చింది: "ఎట్ల సార్? కొంచెం చేసి చూపించండి."

పాప గీసిన ఐదు డబ్బాలను ఫోటో తీసి పంపాడు.

అవతలాయన టైప్ చేస్తూనే ఉన్నాడు, చేస్తూనే ఉన్నాడు. చివరికి వచ్చింది:

"బొమ్మ బాగుంది సార్. ఇందులో ఎక్స్ ఏది?"